పేరు చెప్పని కబురు

రత్న నేస్తం పేరు ఈ కథలో రాదు. తెలియక కాదు. రత్నను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేరు పలికితే ఆమె చెవులు మూసుకుని లేచిపోతుంది. అందుకని రత్న పిలిచినట్టే మనమూ పిలుద్దాం: గోగుపువ్వు. ఇందులో చిన్న తిరకాసు ఉంది. ఆ గోగుపువ్వు కూడా రత్నను గోగుపువ్వు అనే పిలుస్తుంది. నేస్తం కట్టుకున్న ఇద్దరికీ పిలుపు ఒక్కటే. బయటివాళ్ళకు తల తిరుగుతుంది గానీ వాళ్ళిద్దరికీ ఏనాడూ తిరగలేదు.

వాళ్ళకు నేస్తం కట్టింది ఇద్దరికీ జడలు కూడా సరిగా రాని వయసులో. ఆకంతా రాలిన కొండగోగు చెట్టు నిండా పసుపుపచ్చటి పూలు విరగబూసిన రోజులవి. రెండిళ్ళ పెద్దలూ కూర్చుని ఇద్దరిచేతా ఒకే డొప్పలో అంబలి తాగించారు. ఒకరి తలలో ఒకరు పువ్వు పెట్టుకున్నారు. అంతే, ఆ పూట నుంచి ఒకరి పేరు ఇంకొకరి నోట రాకూడదు. వస్తే తప్పు. నాలుక కరుచుకుంటే తీరిపోయే తప్పు కాదది. పలికినావిడ కొత్త చీర, కోడి, బియ్యం పట్టుకుని రెండోఆవిడ గడపకు వెళ్ళాలి, ఆ ఏడు గోగుపూలు రాలిపోకముందే మళ్ళీ పువ్వు పెట్టి నేస్తం కట్టుకోవాలి. అలా బయల్దేరిన ఆడదాన్ని మొగుడు ఆపకూడదు, అత్త ఆపకూడదు. ఆపితే ఆ తప్పు వాళ్ళ ఇంటి మీద పడుతుంది.

వాళ్ళ ఊళ్ళో రాజులమ్మ అనే ముసలావిడ ఉండేది. వయసులో ఉన్నప్పుడు మేకల దగ్గర గొడవొచ్చి నేస్తాన్ని పేరు పెట్టి తిట్టిందట. అవతలావిడ ఊరుకుంటుందా, ఆవిడా పేరు పెట్టే తిట్టింది. తెల్లారేసరికి ఇద్దరికీ బుద్ధొచ్చింది. తప్పు ఇద్దరిదీ కాబట్టి ఇద్దరూ కోళ్ళు చంకన పెట్టుకుని బయల్దేరి సగం దారిలో, కొండ కనుమలో, ఎదురుపడ్డారు. అక్కడే పువ్వులు పెట్టుకుని, కోళ్ళు మార్చుకుని, ఏడ్చి, నవ్వి ఎవరింటికి వాళ్ళు పోయారు. రాజులమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా తనకొచ్చిన కోడి బక్కదని సణిగేది.

ఆశ్రమ పాఠశాలలో గోగుపువ్వు క్లాసు లీడరు. హాజరు పిలవడం ఆమె పని. అందరి పేర్లూ గడగడా చదివి రత్న దగ్గరకొచ్చేసరికి తలెత్తి ఒక్కసారి చూసేది. రత్న "ప్రెజెంట్" అనేది. మాస్టారికి ఇది నచ్చలేదు. పేరు చదివి తీరాలన్నాడు. చదవకపోతే అరచేతులు వాచేలా కొట్టాడు. గోగుపువ్వు దెబ్బలు తింది గానీ పేరు చదవలేదు. ఆ రాత్రి హాస్టల్లో రత్న తన నేస్తం చేతులకు వేపనూనె రాస్తూ ఏడిస్తే, "ఏడవకే, నీ పేరు నా నోట్లో బద్రంగున్నాది" అంది గోగుపువ్వు.

తరవాత గోగుపువ్వుకు సీలేరులో సంబంధం కుదిరింది. మొగుడు అక్కడి కరెంటు ప్రాజెక్టు కాలనీలో కూలిపని చేసేవాడు. అరకు నుంచి సీలేరుకు పోవాలంటే పాడేరు ఒక బస్సు, చింతపల్లి ఒక బస్సు, ఆ పైన దొరికితే ఇంకో బస్సు. పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండుసార్లు కలిశారు. ఆ తరవాత అత్తకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. గోగుపువ్వు ఇల్లు కదిలే వీలు పోయింది.

రత్నకు అరకులో కాఫీ రైతుల సొసైటీ ఆఫీసులో పని దొరికింది. గింజల తూకాలకు వచ్చే రైతుల్ని కూర్చోబెట్టడం, ఊళ్ళ నుంచి వచ్చే ఫోన్లు తీయడం, గదులు ఊడ్చడం, అన్నీ ఆమే. మామూలు టెలిఫోను తీగ ప్రతి గాలివానకూ చెట్టుతోబాటు పడిపోతుంటే విసిగిపోయి, మేనేజరు గణపతిరావు మేడ మీద గొడుగంత పళ్ళెం ఒకటి పెట్టించి ఇంటర్నెట్ ఫోను తెప్పించాడు. రెండువేల ఏడో సంవత్సరం మాట అది. దానికో పెట్టె ఉండేది, కంటికి కనబడని పెట్టె. ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఫోనొస్తే ముందు మన గొంతుతో ఒక మాట వినిపిస్తుంది, ఆ తరవాత అవతలివాళ్ళు చెప్పింది దాచిపెడుతుంది. చుక్క గుర్తు నొక్కి, రహస్య అంకె నొక్కితే వినొచ్చు. గణపతిరావుకు ఆ అంకెలు గుర్తుండక ఆ పెత్తనం రత్నకు వదిలేశాడు.

అక్కణ్ణుంచి నేస్తాలిద్దరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. కంపెనీవాడు ఊహించని పద్ధతి. శనివారం సాయంత్రం ఆఫీసు మూసేముందు రత్న ఆ "మన మాట" ఉండే చోట వారం కబుర్లన్నీ చెప్పేది. "గోగుపువ్వా, పంది పిల్లలేసింది. అన్నీ బతికేయి. మిరియాల తీగ ఈ ఏడు సిల్వరోకు సెట్టు కొసదాకా పాకిపోయింది. నీ అత్తకెలాగున్నాది?" ఆదివారం మొగుడు ఇంట్లో ఉంటాడు గనక గోగుపువ్వు సంతకు వచ్చి, ఎస్టీడీ బూతు నుంచి ఆఫీసుకు చేసి, అది విని, తన కబుర్లు చెప్పి పెట్టేసేది. సోమవారం పొద్దున్న రత్న చీపురు పట్టకముందే అవి వినేది. ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకే పూట మాట్లాడుకోలేదు. అయినా అది మాటలే.

దీనికి ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. విశాఖపట్నం కాఫీ షావుకారు ఎవరో ఆదివారం ధర కనుక్కుందామని ఫోను చేసి, పంది పిల్లల క్షేమసమాచారం పూర్తిగా విన్నాడు. మర్నాడు ఆయన గణపతిరావుతో ఆ పందుల బాగోగులు అడిగాడు. గణపతిరావు మొహం ఎర్రబడింది. రత్నను పిలిచి, "ఏటమ్మా ఇది, సొసైటీ ఆఫీసా, సంతా?" అన్నాడు. అంతకు మించి కోప్పడలేదు. మనసులో మాత్రం పెట్టుకున్నాడు.

ఆ మరుసటి ఏడు దసరాకు ముందు కంపెనీ మారింది. పాత కంపెనీ ఫోనులో వాన పడితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుండేది. కొత్త కంపెనీవాళ్ళు వచ్చి పాతది విప్పేసి, అదే నంబరు ఉంచి, రత్న బల్ల మీద కొత్త ఫోను, గణపతిరావు బల్ల మీద ఇంకో ఫోను పెట్టి వెళ్ళారు. ఎవరి పెట్టె వాళ్ళకు. కబురొస్తే ఫోను నెత్తి మీద ఎర్ర దీపం వెలుగుతుందని చెప్పారు. పాత పెట్టెలో దాచుకున్న గోగుపువ్వు మాటలన్నీ పాత కంపెనీతోటే పోయాయి. వాటిలో ఒకదాంట్లో ఆమె వాళ్ళిద్దరూ చిన్నప్పుడు థింసా ఆడుతూ పాడుకున్న పాట పాడింది. అది పోయినందుకు రత్న రెండు రోజులు సరిగా తినలేదు. పోతే పోయింది, నేస్తం ఉంది కదా, మళ్ళీ పాడమంటే పాడుతుంది అని మనసుకు చెప్పుకుంది.

కొత్త దీపం వెలగలేదు. మొదటి సోమవారం వెలగలేదు, రెండో సోమవారం వెలగలేదు. రత్న మాత్రం శనివారం శనివారం తన కొత్త పెట్టెలో కబుర్లు చెబుతూనే ఉంది. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయని చెప్పింది. కోత మొదలైందని చెప్పింది. గింజలు ఆరబోసిన కళ్ళాల మీద మంచు పడుతోందని చెప్పింది. పోనుపోను కబుర్లు తగ్గి, "గోగుపువ్వా, ఏటయింది? పలకవేటి?" అన్న మాటొక్కటే మిగిలింది.

ఆమెను తినేసిన సంగతి వేరే ఉంది. పాత పెట్టెలో గోగుపువ్వు ఆఖరిసారి చెప్పిన మాట, "ఒక్కపాలి రారాదా గోగుపువ్వా? నాకిక్కడ ఊపిరాడ్డం లేదు" అని. దానికి రత్న, "కోత అవనీయే, వస్తాను" అని జవాబు పెట్టింది. ఊపిరాడ్డం లేదంటే కాఫీ కోత అన్నాను, ఇంత రాయిని ఎక్కడైనా చూశారా అని తనను తాను తిట్టుకునేది. కోపమొచ్చి మానేసిందనుకుంది. నేస్తం తనను వదిలేసిందనుకుంది. బస్సెక్కి పోవచ్చు కదా అంటారేమో. వదిలేసిన మనిషి గడప ముందు ఏ మొహంతో నిలబడాలి? శుక్రవారం సంతలో పాడేరు బస్సు వచ్చి ఆగినప్పుడల్లా దిగే ఆడవాళ్ళ మొహాలు చూసేది. చూసి, అల్లం బేరం చేస్తున్నట్టు తల దించుకునేది.

కోత అయిపోయి, కొండల మీద గోగు చెట్లు పూయడం మొదలెట్టాయి. ఒక ఆదివారం ఉండబట్టలేక రత్న ఆఫీసుకు వెళ్ళింది. తాళం గణపతిరావు దగ్గర ఉంటుంది. ఆయన శనివారం సాయంత్రమే రైలెక్కి శృంగవరపుకోటలో పెళ్ళాంపిల్లల దగ్గరికి పోతాడు. రత్న మూసిన తలుపుకు ఆనుకుని వరండాలో కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చేవేళ లోపల ఫోను మోగింది. లేచి తలుపు మీద రెండు చేతులూ పెట్టింది. మోగి మోగి ఆగిపోయింది. తలుపు చెక్కకు చెవి ఆనించి వింది, ఏమీ వినబడలేదు. "నువ్వేనా?" అంది తలుపుతో.

సోమవారం పొద్దున్న దీపం వెలగలేదు. ఇన్నాళ్ళూ దీపం వెలగలేదంటే ఫోను రాలేదనుకుంది. ఇప్పుడు ఫోను మోగడం చెవులారా వింది. చీపురు మూల పెట్టేసి గణపతిరావు గదిలోకి వెళ్ళింది.

"సారూ, నా పెట్టె పాడయింది."

"పాడవడమేటి, కొత్తది కదా. అయినా కంపెనీవాడికి నంబరుంది, వాడికి సెప్పుకో," అన్నాడు ఆయన కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా.

కంపెనీ నంబరుకు చేస్తే కామేష్ అనే అతను పలికాడు. విశాఖపట్నంలో కూర్చుని రోజంతా ఇలాంటి మొరలు వినడమే అతని ఉద్యోగం.

"చెప్పండి మేడం, మీ ప్రాబ్లం ఏంటి?"

మేడం అని రత్నను ఎవరూ అనలేదు ఇంతవరకూ. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. తరవాత చెప్పుకుంది.

కామేష్ ఒక్కొక్కటీ చేయించాడు. ఫోను వెనక తీగ పీకి మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టింది. చుక్క కొట్టి అంకెలు నొక్కమన్నాడు. ఆమె పాత కంపెనీ అంకెలు నొక్కింది, అలవాటు చొప్పున. "అవి కాదు మేడం, ఇప్పుడు కోడ్ మారింది" అని కొత్తవి చెప్పాడు. రహస్య అంకె కుదరలేదు, దాన్నీ మార్చాడు. ఆఖరికి ఇంగ్లీషు అమ్మాయి గొంతు వినబడింది. కబుర్లేమీ లేవంది.

"ఒక్క నిమిషం, నేనే టెస్ట్ మెసేజ్ పెడతాను, మీరు ఫోన్ పెట్టేయండి," అన్నాడు.

పెట్టేసింది. కాసేపటికి ఫోను నెత్తి మీద దీపం ఎర్రగా వెలిగింది. అది కామేష్ పంపిందని తెలుసు, అయినా గబగబా నొక్కి వింది. "హలో, టెస్టింగ్, టెస్టింగ్, కామేష్." అన్ని నెలల తరవాత ఆ పెట్టెలోకి వచ్చిన మొదటి మాట అది. రత్నకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మెయిల్‌బాక్స్ పర్ఫెక్ట్‌గా ఉంది మేడం," అన్నాడు కామేష్ మళ్ళీ లైన్లోకి వచ్చి. "మీకు ఎవరూ కాల్ చేయలేదేమో."

"సేసింది బాబూ. నిన్న సేసింది. తలుపవతల మోగింది."

"ఎవరు మేడం? కాలర్ పేరు చెప్పండి, నోట్ చేసుకుంటాను."

"పేరు సెప్పకూడదు."

"సీక్రెటా మేడం?"

"సీక్రెటేటి? నేస్తం. నేస్తం పేరు పలక్కూడదు."

 కామేష్‌కు ఉద్యోగంలో చేరేముందు నేర్పిన పాఠాల్లో ఇలాంటిది లేదు. మంచివాడు గనక నవ్వలేదు. "పోనీ ఏ ఊరు నుంచి చేస్తారు?"

"సీలేరు. బూతులోంచి. ఆదివారం."

అవతల కంప్యూటరు మీద టకటకా కొట్టిన చప్పుడు. "ఉన్నాయి మేడం," అన్నాడు. "సీలేరు కోడుతో ఒకే నంబరు నుంచి. ప్రతి ఆదివారం ఉంది. మేం లైను పెట్టిన దగ్గర్నుంచీ."

"పెతీ ఆదివారమా?"

"ఒక్కటి కూడా మిస్ అవలేదు మేడం."

రత్న కుర్చీ లాక్కుని కూర్చుంది. వదిలేయలేదు. అన్నాళ్ళూ తనను వదిలేసిందనుకున్న మనిషి ప్రతి ఆదివారమూ సంతకు నడిచి వచ్చి, బూతులో నిలబడి, తన కోసం ఫోను చేస్తూనే ఉంది. గోగుపువ్వుకు కోపమొచ్చిందని ఎలా అనుకున్నాను అని రత్న సిగ్గుపడింది. మరి ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయి?

"బయటి నుంచి మీ ఆఫీసు నంబరుకు మీరే చేసి చూడండి మేడం. ఫోన్ ఎత్తొద్దని చెప్పండి. కాలర్‌కి ఏం వినబడుతుందో తెలుస్తుంది," అన్నాడు కామేష్.

తెలివైన మాట. తమ ఆఫీసుకు తామే ఫోను చేసుకోవాలని అన్ని నెలల్లో ఎవరికీ తోచలేదు. గణపతిరావుకు ఫోను ఎత్తొద్దని చెప్పి రత్న రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న బూతుకు పరిగెత్తింది. నంబరు నొక్కింది. మోగింది, మోగింది. తరవాత గణపతిరావు గొంతు వినబడింది, పంద్రాగస్టు నాడు జెండా కింద మాట్లాడే గొంతు.

"నమస్కారము. ఇది కాఫీ రైతుల సొసైటీ కార్యాలయము. మీరు ఎవరితో మాట్లాడదలచినారో వారి పేరు ముందుగా స్పష్టముగా చెప్పి, తదుపరి మీ కబురు చెప్పవలెను. పేరు చెప్పని కబురు తీసుకోబడదు."

కూత వినబడింది. ఆ కూత తరవాత అంతా నిశ్శబ్దం. మాట్లాడమని ఎదురు చూస్తున్న నిశ్శబ్దం. రత్న ఫోను పట్టుకుని నిలబడిపోయింది. సీలేరు బూతులో గోగుపువ్వు ఇలాగే నిలబడి ఉంటుంది. నేస్తం గొంతు వినాలని వచ్చి, ఈ మొగ గొంతు విని, పేరు చెప్పమంటే నోరు తెరిచి మూసి ఉంటుంది. పేరు చెప్పమని అరచేతులు వాచేలా కొట్టినా చెప్పని మనిషి.

"ఏమ్మా, మాట్లాడవా?" అన్నాడు బూతువాడు.

రత్న ఆఫీసుకు తిరిగొచ్చి గణపతిరావు ముందు నిలబడింది. "సారూ, బయటోళ్ళ కబుర్లు ఎవరి పెట్టెలోకి వస్తన్నాయి?"

"నా కంప్యూటర్లోకి. పేరు సెప్పిన కబురు పేరున్న మనిషికి అందజేస్తాను. నీకూ కాగితం మీద రాసిచ్చేను కదా, ఊళ్ళ నించి వచ్చినవి."

"పేరు సెప్పనివి?"

"ముందు ముక్క వింటాను. పేరు లేకపోతే పక్కన పెట్టేస్తాను. ఎవర్తో ఒక ఆడమనిషి ఉన్నాది, వారం వారం సేస్తాది. పేరు సెప్పదు, ఊరు సెప్పదు, ఎవర్నో వర్ణిస్తాది. పిచ్చిదేమో పాపం." అని చెబుతూండగానే రత్న మొహం చూసి ఆగాడు. "ఏటమ్మా? ఎవరావిడ?"

రత్న చెప్పింది. గణపతిరావు కళ్ళజోడు తీసి పంచెతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "నేస్తం పేరు సెప్పకూడదా? నాకెవరు సెప్పేరు ఈ సంగతి?" అన్నాడు. అదీ నిజమే. ఎవరూ చెప్పలేదు.

ఆయనలో ఒక గుణం ఉంది, ఏదీ పారేయలేడు. సిరా అయిపోయిన పెన్నులు కూడా సొరుగు నిండా ఉంటాయి. ఆ కబుర్లూ పారేయలేదు. కంప్యూటర్లో ఒక మూల, పేరు లేనివి అన్న పేరు పెట్టి మరీ దాచాడు. వాటిని తెరిచి, రత్నను తన కుర్చీలో కూర్చోబెట్టి, ఎలా నొక్కాలో చూపించి, కాఫీ మూటలు చూసొస్తానని బయటికి పోయాడు. ఆ వేళ చూడవలసిన మూటలేవీ లేవు.

మొదటి దాంట్లో ఊపిరి మాత్రమే ఉంది. తరవాత, "గోగుపువ్వా? ఎవరిది ఈ గొంతు?" అన్న మాట. టక్కున పెట్టేసింది.

రెండో దాంట్లో వెతుక్కుంటూ మాట్లాడింది. "సారూ, దండాలు. పేరు సెప్పలేను సారూ. మీ ఆపీసులో ఒక మనిషి ఉన్నాది. నవ్వితే సిగుళ్ళు కనబడతాయి. ఆ మనిషికియ్యండి. నేను బాగున్నానని సెప్పండి."

మరో ఆదివారం: "ఎడం సేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటాది సారూ. అది పొడిపించుకున్నప్పుడు నా సెయ్యి పట్టుకుని ఏడ్సింది. నా సేతి మీద గోటి గుర్తు ఇంకా ఉన్నాది. ఆ మనిషి."

ఇంకొకటి: "నడిస్తే కుడికాలు ఒక్క పిసరు ఈడుస్తాది. జీలుగు సెట్టు మీంచి పడింది సిన్నప్పుడు. నేనే ఎక్కమన్నాను. ఆనక నా మీద నేరం ఒక్కమాట సెప్పలేదు ఇంట్లో."

"వానొస్తే కట్టెలు ముందు లోపలెట్టి, ఆనక తను లోపలికొస్తాది. అలాటి మనిషి మీ ఆపీసులో ఇంకొకర్తి ఉంటాదా సారూ? మీకు తెలవకపోడమేటి?"

"పాటెత్తుకుంటే మొదటి ముక్క బాగా పాడతాది, రెండోది మర్సిపోతాది. రెండోది నేను పాడాల."

రత్న వింటూనే ఉంది. తనకే తెలియని రత్న ఒకతె ఆ కంప్యూటర్లోంచి బయటికి వస్తోంది. చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు గోగుపువ్వు ఆమెను ఇన్నాళ్ళూ మోసుకు తిరిగింది. పేరు ఒక్కటే తప్ప అంతా చెప్పింది. ఒక్కరూ పోల్చుకోలేదు. కొన్ని కబుర్లలో సంత గోల వినబడింది. ఒక దాంట్లో ఎవరో "ఎంతసేపమ్మా, కానీ" అని అరిచారు. "ఆగు బాబూ, ఇంకా సెప్పలేదు" అంది గోగుపువ్వు. రత్న కళ్ళు తుడుచుకోవడం మానేసింది.

ఆఖరిది నిన్నటిది. రత్న వరండాలో తలుపుకు చెయ్యి ఆనించి నిలబడ్డప్పటిది. చాలాసేపు ఏమీ లేదు. గణపతిరావు అక్కడే ఆపేసి పక్కన పెట్టేసి ఉంటాడు. రత్న ఆపలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తరవాత, నెమ్మదిగా, రాయి మీద కాలు జారకుండా వేసినట్టు ఒక మాట వచ్చింది.

"రత్న."

ఆ గొంతులో తన పేరు రత్న పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇంత పొట్టి మాటా తన పేరు అనిపించింది. ముడి ఊడిపోయిందనుకుంది. గొంతు మాత్రం ఆగలేదు.

"రత్నా. పలికీసాను. పేరు సెప్తేనే గాని తీసుకోరంట కాదా. కోపం మీద పలికింది కాదే, కావాలని పలికీసాను. మొన్న కొండ మీద గోగుపూలు సూసేను. తప్పు పలికితే ఎల్లాల కదా, ఎవరూ ఆపకూడదు కదా అని అప్పుడు తోసింది. ఎన్నాళ్ళ నించో తోసలేదు సూడు, ఎర్రిదాన్ని. అత్తకు ముందే సెప్పీసాను, నోరు జారేను, తీర్సుకోవాల అని. ముసిల్ది ఏడ్సింది గాని వద్దనలేదు. ఆడబిడ్డ వస్తానంది సూసుకోడానికి. వచ్చే ఆదివారం ఇంకొక్కపాలి సేస్తాను. నువ్వు పలికినా పలక్కపోయినా సోమారం బస్సెక్కీస్తాను. నా మీద కోపముంటే ఉండనీ. గడపకాడ నిలబెట్టినా నిలబడతాను."

తరవాత ఏమీ లేదు. రత్న కంప్యూటరు మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. సంతోషమో దుఃఖమో అడిగితే ఆమే చెప్పలేదు. నా మీద కోపముంటే ఉండనీ అంటోంది. ఆమె అక్కడ ఇదే అనుకుంది, తను ఇక్కడ ఇదే అనుకుంది.

కాసేపటికి లేచి మొహం కడుక్కుని కామేష్‌కు ఫోను చేసింది. ఆదివారం బయటి ఫోన్లు తన పెట్టెలోకి రావాలంది. గణపతిరావు గుమ్మంలోకి వచ్చి నిలబడి, "సేయించమ్మా. నేను సెప్పేనని సెప్పు" అన్నాడు. కామేష్ టకటకా కొట్టి మార్చేశాడు. "ఇప్పుడు మీ గ్రీటింగ్ రికార్డ్ చేయండి మేడం. మొదట వాళ్ళకు మీ గొంతే వినబడుతుంది," అన్నాడు.

రత్న ఫోను చెవికి ఆనించి కూత కోసం ఎదురు చూసింది. ఏం చెప్పాలో ముందే అనుకుంది. మంచాన ఉన్న అత్తను వదిలి అంత దూరం మూడు బస్సులు మారి ఆమె ఒక్కతే ఎందుకు రావాలి? తప్పు ఒకరిదే అయితే ఒకరే నడవాలి. ఇద్దరిదీ అయితే సగం సగం. రాజులమ్మ తన బక్క కోడిని తలుచుకుని సణుగుతూ చెప్పిన మాట అది.

కూత వచ్చింది. రత్న కళ్ళు మూసుకుని తన నేస్తం పేరు పలికింది.

ఒకసారి కాదు, రెండుసార్లు పలికింది. మొదటిసారి మరీ మెల్లగా వచ్చింది. ఆ పేరు ఏమిటో ఇక్కడ రాయడం లేదు. ఆదివారం నాడు సీలేరు బూతులో నిలబడి ఒక మనిషి వినవలసిన మాట అది. ఏ కాఫీ షావుకారైనా ముందుగా వింటే వినుగాక.

"నేనూ పలికీసాను," అంది తరవాత. "తప్పు ఇద్దరిదీ. నువ్వు నా గడపదాకా రాకు. సోమారం నేనూ బయల్దేరతాను. చింతపల్లి బస్టాండుకాడ నిలబడతాను, కోడి పట్టుకుని. బక్కది తేను. పువ్వు మాత్రం నువ్వు తే, మీ కాడ కొండ దగ్గర. నిన్ను పోల్సుకోడానికి నాకు పేరక్కర్లేదు. బేగి రా."

ఫోను పెట్టేసి చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు. కిటికీ అవతల కళ్ళంలో ఆడవాళ్ళు గింజలు తిరగేస్తున్నారు. గణపతిరావు తన కుర్చీలో కూర్చుని సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు వెతికాడు. ఏదో ఒకటి అడగాలి కనక, తలెత్తకుండానే, అలవాటైన మాటే అడిగాడు.

"పేరు స్పష్టంగా సెప్పేవా?"

"సెప్పేను సారూ," అంది రత్న.